ఉచిత ఆటల వెనుక చెల్లింపుల వల: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

ఆదిలాబాద్: పత్తి అమ్మిన సొమ్ము నేడు రైతు చేతికి నోట్ల కట్టగా అందడం లేదు. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రాలలో విక్రయించిన పంట విలువ ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో నేరుగా జమ అవుతున్నది. 2025 సీజనులో ఈ సంస్థకు పత్తి విక్రయించడానికి 'కపాస్ కిసాన్' యాప్‌లో ముందుగా నమోదు చేసుకొని స్లాట్ పొందవలసి వచ్చినది. ఆ విధంగా స్మార్ట్‌ఫోన్ నాగలి, గొర్రు సరసన చేరి వ్యవసాయ పనిముట్టుగా మారినది. అదే ఫోన్‌లో బ్యాంకు ఖాతాకు ముడిపడిన యూపీఐ ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి అదే ఫోన్ పిల్లల చేతిలో ఆటవస్తువు అవుతుంది. పంట సొమ్ము, చెల్లింపు సాధనం, ఆట ఈ మూడూ ఒకే పరికరంలో కలియడం వలన గ్రామీణ కుటుంబాలకు ఏర్పడిన కొత్త ముప్పును వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆన్‌లైన్ జూదాన్ని ప్రభుత్వం నిషేధించినది గదా, ఇక భయమేమిటని పలువురు తల్లిదండ్రులు భావిస్తున్నారు. ఆ నిషేధం వాస్తవమే. అయితే పిల్లల ఫోన్లలో ఎక్కువగా కనిపించే ఆటలు వేరు. అవి ఉచితంగా లభిస్తాయి, వాటిలో పందెం ఉండదు, గెలుపు సొమ్ము ఉండదు. అయినప్పటికీ వాటి ద్వారా ఇంటి సొమ్ము ఖర్చు కావడం జరుగుతున్నది.

చట్టం నిషేధించినది ఏమిటి?

పేకాటను, జూదాన్ని గురించిన న్యాయ చర్చకు మన ప్రాంతంలో దీర్ఘ చరిత్ర ఉన్నది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అటుపిమ్మట అనేక సంవత్సరాలు నైపుణ్యపు ఆటకు చట్టంలో మినహాయింపు కొనసాగినది. సెల్‌ఫోన్లలో రమ్మీ విస్తరించి కుటుంబాలు నష్టపోతున్న నేపథ్యంలో, తెలంగాణ రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఆ మినహాయింపును తొలగించి, ఆన్‌లైన్ పందెపు ఆటలను చట్ట పరిధిలోకి తెచ్చినది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాటను అనుసరించినది.

దేశవ్యాప్త చట్టం 2025లో వచ్చినది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లును ఆ సంవత్సరం ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించగా, 22న రాష్ట్రపతి ఆమోదం లభించినది. సొమ్ము పెట్టి, సొమ్ము గెలుచుకొనే ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, అవి నైపుణ్యానికి చెందినవైనా అదృష్టానికి చెందినవైనా, ఈ చట్టం నిషేధించినది. అట్టి ఆటలను నిర్వహించే వారికి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇచ్చే వారికి 2 సంవత్సరాల వరకు జైలు శిక్ష, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించినది. ఆడిన వ్యక్తిని ఈ చట్టం నేరస్థునిగా పరిగణించదు.

ఇదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కొరకు ఆడే సామాజిక ఆటలను వేరుగా గుర్తించినది. సొమ్ము గెలుచుకొనే అవకాశం ఉన్నదా, లేదా అన్నదే ఇక్కడ ప్రధానమైన విభజన రేఖ. డబ్బుగా తిరిగి మార్చుకోవడానికి వీలులేని రంగుల దుస్తులను, ఆయుధాల బొమ్మలను, బంగారు నాణేలను అమ్మే ఆట ఈ రేఖకు ఆవలి వైపున నిలుస్తుంది. రమ్మీ ఆడే పెద్దవారికి కనీసం గెలుస్తామన్న ఆశ ఉంటుంది. ఈ ఆటలలో సొమ్ము ఖర్చు చేసే పిల్లవానికి తిరిగి వచ్చేది ఒక్క రూపాయి కూడా లేదు. చట్టం చేయి నేరుగా చేరని ఈ చోట కుటుంబమే జాగ్రత్త వహించవలసి ఉన్నది.

ఆటను అమ్మడం, ఆటలో అమ్మడం

2016 అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు మన జిల్లాలోనే ఉన్న నిర్మల్ పట్టణం పొనికి చెక్క బొమ్మలకు ప్రసిద్ధి. ఆ బొమ్మను కొన్నప్పుడు వెల ఒకేసారి చెల్లిస్తాము. ఇంటికి వచ్చిన తరువాత ఆ బొమ్మ మరల డబ్బు అడగదు. ఒకప్పటి కంప్యూటర్ ఆటలు సైతం ఇదే పద్ధతిలో అమ్ముడయ్యేవి. డిస్కు కొంటే ఆట మొత్తం కొన్నవారికి చెందేది.

సెల్‌ఫోన్ ఆటల రాకతో ఈ పద్ధతి తారుమారైనది. ఆటను ఉచితంగా ఇచ్చి, ఆట లోపల అంగడి తెరవడం లాభసాటి అని కంపెనీలు గ్రహించినవి. ఆడేవారిలో అత్యధికులు ఏమీ చెల్లించరు. స్వల్ప సంఖ్యలో ఉన్న కొందరు మాత్రం పదే పదే పెద్ద మొత్తాలు చెల్లిస్తారు. వ్యాపారం ప్రధానంగా ఆ కొందరిపైనే నడుస్తుంది. జూదశాలలలో భారీగా పందెం కాసే వారికి వాడే 'తిమింగలాలు' అన్న పేరునే ఈ పరిశ్రమ కూడా వారికి వాడుతున్నది. అట్టి వారు ధనవంతులే కానవసరం లేదు. తమను తాము నిగ్రహించుకొనలేని వారు, వెల తెలియని పిల్లలు కూడా వారిలో ఉండవచ్చును.

సొమ్ము కనుమరుగయ్యే తీరు

ఈ ఆటలలో చెల్లింపు రాబట్టే పద్ధతులు కొన్ని పదే పదే కనిపిస్తాయి. వాటిని గుర్తించగలిగితే సగం జాగ్రత్త తీసుకున్నట్లే.

మొదటిది మారు నాణెం. ఆటలో ఏ వస్తువు ధరా రూపాయలలో ఉండదు. ఒక ఆటలో డైమండ్లు, మరొక ఆటలో యూసీ, వేరొక దానిలో జెమ్స్ ఉంటాయి. రూపాయలు చెల్లించి ముందుగా వీటిని కొనవలసి ఉంటుంది. ఉదాహరణకు వస్తువు వెల 350 డైమండ్లు అనుకుందాం. డైమండ్లు 100 లేదా 500 కట్టలుగా మాత్రమే అమ్ముతారు. 500 కొన్న పిల్లవాని వద్ద 150 మిగులుతాయి. ఆ మిగులుతో ఏమీ రాదు గనుక మరొక కట్ట కొనాలనిపిస్తుంది. జాతరలో పది రూపాయల నోటు చేయి దాటినప్పుడు పిల్లవానికి ఖర్చు తెలుస్తుంది. డైమండ్లు తగ్గినప్పుడు అది తండ్రి చెమట అని తెలియదు.

రెండవది నిరీక్షణ. 2012లో వెలువడిన క్యాండీ క్రష్ ఆటలో ఆడేవారికి ఐదు ప్రాణాలు ఇస్తారు. అవి అయిపోతే ఒక్కొక్క ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు వేచి ఉండవలెను, లేదా డబ్బు చెల్లించవలెను. ఆట కష్టతరం కావడం, విసుగు కలగడం యాదృచ్ఛికం కాదు. ఆ విసుగును పోగొట్టడమే అక్కడ అమ్మకపు సరుకు.

మూడవది లక్కీ పెట్టె. దీనిని లూట్ బాక్స్ అంటారు. లోపల ఏమున్నదో తెలియకుండా పెట్టెను కొనవలెను. అరుదైన వస్తువు లభించే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. నూరు సార్లు కొంటే తప్పక లభిస్తుందని చాలామంది భావిస్తారు. లెక్క ప్రకారం నూరు సార్లు కొన్న తరువాత కూడా అది లభించకపోయే అవకాశం నూటికి సుమారు 37 పాళ్లు ఉంటుంది. నూటికి 95 పాళ్ల నమ్మకం కావాలంటే దాదాపు 300 సార్లు కొనవలసి ఉంటుంది. ఒక్కొక్క పెట్టె 20 రూపాయలు అనుకొన్నా అది 6,000 రూపాయలు. మట్కాలో నంబరు వచ్చేవరకు కాసే వాని మనఃస్థితికి, పెట్టె తెరిచే పిల్లవాని మనఃస్థితికి భేదం స్వల్పం.

నాలుగవది గడువు. ఈ రాత్రితో ఈ వస్తువు మాయమగును, మరల రాదు అన్న ప్రకటన తెరపై గడియారంతో సహా కనిపిస్తుంది. నెలనెలా కొత్త 'పాస్' కొన్నవారికే బహుమతులు లభిస్తాయి. కొన్న తరువాత ప్రతిరోజు ఆడకపోతే చెల్లించిన సొమ్ము వృథా అవుతుందన్న బెంగ పిల్లవానిని వదలదు.

ఐదవది తోటివారి ఎదుట హోదా. ఏమీ కొనని పిల్లవాని బొమ్మ సాదా దుస్తులతో అందరికీ కనిపిస్తుంది. బడిలో జత కట్టి ఆడే బృందంలో అది వెక్కిరింతకు కారణమవుతుంది. పండుగకు అందరూ కొత్త బట్టలు కట్టుకొన్నప్పుడు పాత బట్టతో నిలబడిన పిల్లవాని బాధ ఎటువంటిదో పెద్దలకు తెలిసినదే. ఈ అమ్మకం ఆ బాధపైనే ఆధారపడి ఉన్నది.

2022లో హైదరాబాద్‌లో వెలుగు చూసిన ఒక సంఘటన దీనికి నిదర్శనం. పదహారేళ్ల బాలుడు ఫ్రీ ఫైర్ ఆటలో చెల్లించగా తల్లి బ్యాంకు ఖాతాల నుంచి సుమారు 36 లక్షల రూపాయలు ఖర్చయినట్లు పత్రికలలో వార్తలు వచ్చినవి. చెల్లింపులు చిన్న మొత్తాలతో మొదలైనవి. తల్లి సొమ్ము తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు గానీ సంగతి తెలియలేదు. ఫ్రీ ఫైర్‌ను కేంద్ర ప్రభుత్వం అదే సంవత్సరం ఫిబ్రవరిలో భద్రతా కారణాలపై నిషేధించినది. అంతకు ముందు 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ నిషేధానికి గురైనది. ఒక ఆట పోయినా, అదే పద్ధతిలో నడిచే మరొక ఆట ఆ స్థానంలోకి రావడం గమనార్హం. కావున ఆట పేరును గాక, చెల్లింపు పద్ధతిని గుర్తించడం ముఖ్యం.

ఇతర దేశాల అనుభవం

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. లక్కీ పెట్టెలలో ఒక వరుస వస్తువులను పూర్తి చేస్తే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతిని జపాన్ 2012లోనే అడ్డుకున్నది. ఏ వస్తువు లభించే అవకాశం ఎంతో ముందుగా వెల్లడించాలని చైనా 2017లో నిబంధన విధించినది. సొమ్ము చెల్లించి తెరిచే లూట్ బాక్సులు జూదం కిందికే వస్తాయని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చినది. నెదర్లాండ్స్‌లో మాత్రం ఇట్టి కేసులో విధించిన జరిమానాను 2022లో అక్కడి ఉన్నత న్యాయస్థానం రద్దు చేసినది. చట్టపరంగా ఈ ప్రశ్న ఎంత చిక్కుతో కూడినదో దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చును.

అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆటను రూపొందించిన ఎపిక్ గేమ్స్ సంస్థపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకున్నది. ఒక్క మీట నొక్కితే కొనుగోలు జరిగిపోయేలా తెరను రూపొందించారని, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు కొనే వీలు కల్పించారని అభియోగం. కొనుగోలుదారులకు తిరిగి చెల్లించే నిమిత్తం 24.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి 2022 డిసెంబర్‌లో ఆ సంస్థ అంగీకరించినది.

మన దేశంలో ఉన్న రక్షణలు

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు జారీ చేసి, ఆన్‌లైన్ వేదికలపై వినియోగదారుని మభ్యపెట్టే 13 రకాల పద్ధతులను నిషేధించినది. లేని తొందరను కల్పించడం, పదే పదే వేధించి కొనిపించడం, చందా నుంచి బయటపడే దారిని క్లిష్టతరం చేయడం, కొనని వానిని సిగ్గుపడేలా చేయడం వీటిలో ఉన్నవి. పైన వివరించిన ఆటల ఎత్తుగడలలో కొన్ని ఈ వర్ణనకు సరిపోతాయి. కావున ఆధారాలతో ఫిర్యాదు చేసే హక్కు వినియోగదారునికి ఉన్నది.

భారత కాంట్రాక్టు చట్టం 1872 ప్రకారం 18 సంవత్సరాలు నిండని వారు ఒప్పందం చేసుకొనడానికి అర్హులు కారు. అట్టి ఒప్పందం చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఇచ్చినది. అయితే చెల్లింపు తండ్రి ఖాతా నుంచి, తండ్రి పిన్‌తో జరిగినప్పుడు, కొన్నది పిల్లవాడే అని చూపవలసిన భారం కుటుంబంపై పడుతుంది. అనధికార లావాదేవీలలో ఖాతాదారుని బాధ్యతను నిర్ణయిస్తూ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన సర్క్యులర్ సైతం, పిన్ వంటి రహస్యాలను ఇతరులకు తెలియజేసిన పక్షంలో బ్యాంకుకు ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టాన్ని ఖాతాదారుడే భరించాలని పేర్కొన్నది. కన్నబిడ్డకు చెప్పిన పిన్ కూడా చెప్పిన పిన్ గానే పరిగణింపబడే అవకాశం ఉన్నది.

ఇంటి వద్ద తీసుకోవలసిన జాగ్రత్తలు

1. పంట సొమ్ము, ప్రభుత్వ సహాయం జమ అయ్యే ఖాతాను యూపీఐకి అనుసంధానం చేయరాదు. నిత్యావసర చెల్లింపుల కొరకు వేరొక ఖాతాలో కొద్ది మొత్తం మాత్రమే ఉంచుకొనవలెను. మిగిలిన జాగ్రత్తలన్నిటికన్నా ఇది ముఖ్యమైనది.

2. యూపీఐ పిన్‌ను పిల్లలకు తెలియజేయరాదు. తెలిసి ఉంటే వెంటనే మార్చుకొనవలెను. యూపీఐ లైట్‌లో చిన్న చెల్లింపులకు పిన్ అవసరం లేదు. 2024 డిసెంబర్‌లో దాని పరిమితిని ఒక్కొక్క చెల్లింపుకు 1,000 రూపాయలకు, మొత్తం నిల్వకు 5,000 రూపాయలకు పెంచడం జరిగినది. పిల్లలు వాడే ఫోన్‌లో ఈ సౌకర్యాన్ని నిలిపివేయడం ఉత్తమం.

3. ప్లే స్టోర్ సెట్టింగులలో ప్రతి కొనుగోలుకు ధ్రువీకరణ కోరే ఏర్పాటు ఉన్నది. దానిని తప్పక అమలులో ఉంచవలెను. పిల్లవాని వయస్సుకు తగిన ఖాతాను తెరిచి, తల్లిదండ్రుల అనుమతి లేనిదే కొనుగోలు జరగకుండా చేసుకొనవచ్చును.

4. యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాను నెలకొకసారి పరిశీలించవలెను. తెలియని చందా కనిపిస్తే రద్దు చేయవలెను.

5. బ్యాంకు నుంచి వచ్చే సంక్షిప్త సందేశాలు చాలావరకు ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు, మరాఠీ, గోండి మాట్లాడే మన జిల్లా కుటుంబాలలో ఆ సందేశాన్ని చదివి చెప్పేది తరచుగా బడికి వెళ్లే పిల్లవాడే. సొమ్ము ఖర్చు చేసినవాడే సందేశం చదివి చెప్పే పరిస్థితి ఉండకూడదు. నెలకొకసారి పాస్‌బుక్‌ను బ్యాంకులో ముద్రింపజేసుకొని నిల్వను స్వయంగా సరిచూసుకొనవలెను.

6. ఉచితంగా డైమండ్లు ఇస్తామని వచ్చే లింకులను తెరవరాదని, ఓటీపీ ఎవరికీ చెప్పరాదని పిల్లలకు బోధించవలెను. ఇవి ఆట కంపెనీలవి కావు, మోసగాళ్లవి.

సొమ్ము ఖర్చయినట్లు తెలిస్తే

ముందుగా ఫోన్‌లోని లావాదేవీలను, ఆట ఖాతా వివరాలను, వచ్చిన రశీదులను భద్రపరచవలెను. ఆటను తొలగించరాదు, అందులోని వివరాలే ఆధారం. ప్లే స్టోర్ ద్వారా జరిగిన కొనుగోలుకు 48 గంటలలోపు వాపసు కోరితే పరిశీలించే పద్ధతి ఉన్నది. బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ఇకపై చెల్లింపులు జరగకుండా నిలిపివేయించవలెను.

మభ్యపెట్టే పద్ధతులపై జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును. అక్కడ పరిష్కారం లభించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. రెండు సంవత్సరాలలోపు ఫిర్యాదు దాఖలు చేయవలెను. లింకు ద్వారా గాని, ఓటీపీ ద్వారా గాని మోసగాళ్లు సొమ్ము కాజేసిన పక్షంలో ఆలస్యం చేయక సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయవలెను.

ఆటపై అదుపు కోల్పోయి, చదువు, నిద్ర, ఇతర పనులు వెనుకబడి, నష్టం తెలిసినా ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన తన వ్యాధుల జాబితాలో రుగ్మతగా గుర్తించినది. ఆడే ప్రతి పిల్లవానికి ఈ రుగ్మత ఉన్నదని భావించరాదు. లక్షణాలు దీర్ఘకాలం కొనసాగితే టెలీ-మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో సలహా పొందవచ్చును.

దండన కన్నా ధైర్యం మిన్న

ఇట్టి సంఘటనలలో నష్టం పెరగడానికి ప్రధాన కారణాలలో ఒకటి భయం. మొదటి వంద రూపాయలు పోయినప్పుడు పిల్లవాడు చెప్పడు, కొడతారన్న భయంతో దాచుతాడు. పోయిన వస్తువును తిరిగి పొందితే అంతా సర్దుకుంటుందన్న ఆశతో మరికొంత చెల్లిస్తాడు. వాపసుకు ఉన్న 48 గంటలు ఆ మౌనంలోనే గడిచిపోతాయి. చిట్టచివరకు విత్తనాలకు, ఎరువులకు సొమ్ము తీయడానికి తండ్రి బ్యాంకుకు వెళ్లిన రోజున సంగతి బయటపడుతుంది. అప్పటికి వాపసు కోరే గడువు ఉండదు, సాగుకు పెట్టుబడి ఉండదు.

పిల్లవాడు బలహీనుడు కాబట్టి ఇది జరగలేదు. చెల్లించేలా చేయడంలో ఆరితేరిన పెద్దలు రూపొందించిన అంగడిలోకి, వెల తెలియని పిల్లవాడు ఒంటరిగా వెళ్లాడు. జాతరకు పంపేటప్పుడు చేతిలో పది రూపాయలు పెట్టి, ఇంతే ఖర్చు చేయమని చెప్పి పంపుతాము. చీకటి పడగానే దుకాణాలు మూసివేస్తారు. ఫోన్‌లోని దుకాణం రాత్రి పగలు తెరిచే ఉంటుంది. కాబట్టి ఆ పరిమితిని ఇంట్లోనే ముందుగా చెప్పవలసి ఉన్నది.

కావున తల్లిదండ్రులు నేటి సాయంత్రమే పిల్లల ప్రక్కన కూర్చుండి, వారు ఆడే ఆటను చూపించమని అడగవలసినదిగా విజ్ఞప్తి. అందులో అంగడి ఎక్కడ ఉన్నది, ఏమి అమ్ముతున్నారు, వెల ఎంత అని వారితోనే రూపాయలలో లెక్క కట్టించవలెను. పొరపాటు జరిగితే ఆ రోజే వచ్చి చెప్పమని, చెబితే కొట్టబోమని మాట ఇవ్వవలెను. ఆ మాటకు కట్టుబడి ఉండవలెను. పంట సొమ్మును కాపాడుకొనడానికి పిన్ ఎంత అవసరమో, పిల్లవాడు నిర్భయంగా వచ్చి చెప్పగల ఇల్లు కూడా అంతే అవసరం.